రైలు పట్టా ముక్కతో ఇంటి దాగలి: పడుకోబెట్టాలా, నిలబెట్టాలా?

హనుమకొండ_సుధీర్

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పొలానికి కావలసిన కొడవళ్ళు, గొడ్డళ్ళు సొంతంగా సాగగొట్టుకోవాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉంది. పాత లారీ బ్రేకు డ్రమ్ముతో కొలిమి కట్టుకున్నాను, గాలికి చిన్న బ్లోయరు బిగించాను. సుత్తులు రెండు, పటకార్లు మూడు ఉన్నాయి. లేనిదల్లా దాగలి, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఉక్కు దిమ్మ, ఒక్కటే. కొత్త దాగలి ధర కనుక్కుంటే అది నా రెండు నెలల జీతంతో సమానంగా తేలింది.

మూతపడిన ఒక కర్మాగారం తన ఆవరణలో వేసుకున్న సొంత రైలు మార్గాన్ని వేలం వేసినప్పుడు పట్టాలు కొనుక్కున్న వ్యాపారి దగ్గర నాకు ఒక ముక్క దొరికింది. మీటరుకు 52 కిలోలు తూగే రకమట. నా ముక్క పొడవు 45 సెంటీమీటర్లు, కాటా మీద 23 కిలోలకు పైగా తూగింది. బిల్లు తీసుకున్నాను. దీన్ని పడుకోబెట్టి, ఒక చివర కొమ్ములా కోసి, పైన అంగుళం మందపు ఇనుప పలక వెల్డింగు చేయించి, ఆ తరువాత కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరచాలని అనుకుంటున్నాను. వీడియోల్లో చాలామంది ఇలాగే చేస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు అనుభవమున్నవారి సలహా కోరుతున్నాను.

బెజవాడ_పీడబ్ల్యూఐ

సుధీర్ గారూ, మీరు బిల్లు తీసుకున్నారన్న మాట చదివి ఎంతో సంతోషించాను, ఎందుకంటే నేను ముప్పై ఏళ్ళకు పైగా పీడబ్ల్యూఐగా, అంటే రైలు మార్గాల ఇన్‌స్పెక్టరుగా, పట్టాల నిర్వహణలోనే పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, పట్టా ముక్క ఒకటి ఇంట్లో దొరికినందుకు మనుషులు ఎంత ఇబ్బంది పడతారో దగ్గరగా చూశాను. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, దొంగిలించినదన్న అనుమానానికి తావున్న రైల్వే సామాను మన దగ్గర దొరికితే అది మనకు న్యాయంగానే వచ్చిందని మనమే నిరూపించుకోవాలి. అలా నిరూపించుకోలేకపోతే మొదటి నేరానికే 5 ఏళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. లైను పక్కన తుప్పు పట్టి పడి ఉన్న ముక్క కూడా లెక్కలో ఉన్న ఆస్తే. రైల్వే తన పాత సామానును ఈ-వేలం ద్వారానే అమ్ముతుంది కనుక, అలా కొన్న వ్యాపారి దగ్గరో, మీలాగా ప్రైవేటు సైడింగు పట్టాలు కొన్నవారి దగ్గరో రసీదుతో కొనాలని ఈ చర్చ చదివే అందరినీ కోరుతున్నాను.

ఇక ఇనుము సంగతికి వస్తాను. పట్టా నడుము మీద, అంటే చక్రాలు దొర్లే పైభాగమైన తలకూ, అడుగున వెడల్పాటి రెక్కలున్న పాదానికీ మధ్యనున్న పలుచని భాగం మీద, ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. తుప్పును వైరు బ్రష్షుతో తోమి వాటిని చదవండి. తయారుచేసిన మిల్లు, సంవత్సరం, పట్టా రకం, ఉక్కు తరగతి అక్కడే ఉంటాయి. 880 అన్న అంకె కనబడితే ఆ ఉక్కులో కర్బనం 0.60 నుంచి 0.80 శాతం వరకు, మాంగనీసు 0.80 నుంచి 1.30 శాతం వరకు ఉంటుంది. ఉక్కు గట్టితనాన్ని కొలిచే బ్రినెల్ అంకె కనీసం 260 ఉంటుంది. భిలాయ్ మిల్లులో 1960 నుంచి పట్టాలు తయారుచేస్తున్నారు కాబట్టి మన ప్రాంతంలో దొరికేవాటిలో ఎక్కువ భాగం అక్కడివే. 90 ఆర్ అని ఉంటే అది గజానికి 90 పౌండ్లు తూగే పాత రకం. దానిలో కర్బనం కొంత తక్కువగా ఉండవచ్చు గాని దాగలికి అదీ పనికివస్తుంది.

మరొక ముఖ్యమైన మాట. పట్టా మీద ఎర్ర రంగుతో మూడు ఇంటూ గుర్తులు కనబడితే ఆ ముక్క తీసుకోకండి. అల్ట్రాసానిక్ పరీక్షలో లోపల పగులు బయటపడి, వెంటనే తీసేయవలసినదని నిర్ణయించిన పట్టాకు వేసే గుర్తు అది. ఒక్క ఇంటూ గుర్తున్నా అనుమానించవలసిందే. చక్రం జారి ఒకేచోట తిరిగినప్పుడు పట్టా తల మీద కాలిన మచ్చ ఏర్పడుతుంది. అక్కడ ఉక్కు గాజులా పెళుసెక్కి పెచ్చులుగా లేస్తుంది. అటువంటి మచ్చ ఉంటే పూర్తిగా అరగదీసిన తరువాతే పని మొదలుపెట్టండి.

మార్కాపురం_కమ్మరి

సుధీర్ బాబూ, మాది నాలుగు తరాలుగా కొలిమి పని. నీ ఆలోచనలో ఉన్న నాలుగు పనులూ, అంటే కొమ్ము కోయడం, పలక అతికించడం, పడుకోబెట్టడం, నీళ్ళలో ముంచడం, నాలుగూ మానుకోమని నా సలహా. కారణాలు చెబుతాను.

మా తాతగారి దాగలిని నేను చిన్నప్పుడు చూశాను, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దానికి కొమ్ము లేదు, తోక లేదు. మూడంగుళాల చదరపు ముఖం, కిందికి పొడవుగా దిగిన ఉక్కు దిమ్మ, అంతే. దాన్ని నల్లతుమ్మ మొద్దులో దిగేసి, ఆ మొద్దును రెండు మూరల లోతున భూమిలో పాతిపెట్టేవారు. తాతగారు నేల మీద కూర్చుని పటకారు పట్టుకుంటే మా నాన్నగారు ఎదురుగా నిలబడి సమ్మెట వేసేవారు. ఆ మూడంగుళాల ముఖం మీదనే నాగలి కర్రులు, గడ్డపారలు, బండి చక్రాల ఇనుప కమ్ములు, గొడ్డళ్ళు అన్నీ తయారయ్యాయి. సుత్తి ముఖం రెండంగుళాలు ఉంటుంది. ఒక దెబ్బకు దాగలి మీద పనిచేసే చోటు కూడా అంతే. అడుగు పొడవు ముఖం ఉన్నా దెబ్బ పడేది మాత్రం ఆ రెండంగుళాల చోటే.

అందుకని చూడవలసింది దెబ్బ పడిన చోటికి సూటిగా కింద ఎంత ఉక్కు ఉందన్నది. పట్టాను పడుకోబెడితే నీ సుత్తి కింద ఆరంగుళాల ఎత్తు మాత్రమే ఉంటుంది, అందులోనూ మధ్య భాగం వేలెడు మందం కూడా లేని నడుము. తల అంచు మీద కొడితే తల వాలుతుంది, చివర కొడితే ముక్కంతా ఊగుతుంది. నువ్వు వేసిన బలంలో కొంత ఇనుమును సాగదీయకుండా ఆ ఊగడంలోనే పోతుంది, సాయంత్రానికి నీ భుజం ఆ సంగతి చెబుతుంది. అదే ముక్కను నిలబెట్టు. సుత్తి కింద 45 సెంటీమీటర్ల ఉక్కు నిలువునా ఉంటుంది. కొలిమి నుంచి తీసిన ఇనుము దాని మీద పెట్టి కొడితే ఎక్కడికీ పోలేక సాగి తీరుతుంది. మన పెద్దవాళ్ళ దాగలి కూడా నిలువు దిమ్మే కదా, నీ పట్టా ముక్కను దానికి దగ్గరి చుట్టంలా చూడు.

అనంత_వర్క్‌షాపు

ఆచారి గారూ, మీ మాట గౌరవంతోనే అడుగుతున్నాను. 52 కిలోల పట్టాకు తల వెడల్పు 67 మిల్లీమీటర్లే. నిలబెడితే తల కోత ముఖం అరచేయి కంటే చిన్నదవుతుంది. గొడ్డలి, వెడల్పాటి పార వంటివి దాని మీద సరిగా నిలుస్తాయా? పొడవైన కత్తిని సూటిగా సరిచేయాలంటే పొడవైన ముఖం ఉండాలి కదా?

మార్కాపురం_కమ్మరి

మంచి ప్రశ్న. వంకర తీయడానికి పొడవైన చోటు కావాలన్నది నిజం, దానిని కాదనను. ఆ పనికి రెండో పట్టా ముక్కను పడుకోబెట్టుకో, లేదా మందపాటి ఇనుప పలక ఒకటి పెట్టుకో. వంకర తీసేటప్పుడు దెబ్బ తేలిక కాబట్టి ఊగినా నష్టం లేదు. సాగదీసే పని మాత్రం నిలువు ముక్క మీదే చేయాలి. పార వంటి వెడల్పు వస్తువును కూడా మనం ఒకేసారి కొట్టం, జరుపుకుంటూ కొడతాం.

నిలబెట్టిన పట్టాలో మరో రెండు సౌకర్యాలు ఉన్నాయి. పై కొసన నడుము అంచును గుండ్రంగా అరగదీస్తే ఇనుమును తొందరగా సాగదీయడానికి దిండులా పనికివస్తుంది. ఒక బారు ఇనుమును చదును ముఖం మీద కొడితే నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. ఆ గుండ్రటి అంచు మీద అడ్డంగా పెట్టి కొడితే పొడవుకే సాగుతుంది. పాదం రెక్కల్లో ఒకదాన్ని ఉలిలా పదును పెట్టుకుంటే ఎర్రగా కాలిన ఇనుమును తెగగొట్టే కత్తి అవుతుంది. అయితే ఆ పదును రెక్కకు తుమ్మ చెక్కతో ఒక టోపీ చేసి, పని లేనప్పుడు తప్పనిసరిగా తొడిగి ఉంచాలి. సుత్తి పట్టిన చెయ్యి దాని మీదికి జారితే వేళ్ళు పోతాయి. మా ఊళ్ళో అలా పోగొట్టుకున్న ఒకరిని నేను ఎరుగుదును.

శ్రీకాకుళం_ఫ్యాబ్రికేటరు

పైన పలక వెల్డింగు చేయించవద్దని నేనూ గట్టిగా చెబుతున్నాను, వెల్డింగు చేసి బతికేవాణ్ణి కనుక కారణం వివరించగలను. పట్టా తల మీద పలక పెట్టి చుట్టూ అంచులకు కుట్టు వేస్తాం, మధ్యలో పలకకూ పట్టాకూ అతుకు పడదు. కంటికి కనబడని ఆ సన్నని ఖాళీ దెబ్బనంతా మింగేస్తుంది. చేత్తో తట్టి చూస్తే చప్పుడు మూగగా వస్తుంది, సుత్తి తిరిగి లేవదు. మంచి గట్టి ఉక్కును మెత్తటి పలక కింద దాచిపెట్టినట్టు అవుతుంది తప్ప లాభం లేదు.

కోత గురించి కూడా చెప్పాలి. గ్యాసుతో కోయించకండి. ఇంత కర్బనం ఉన్న ఉక్కును మంటతో కోస్తే కోత అంచు బాగా వేడెక్కి, వెనకాల ఉన్న చల్లటి ఉక్కు ఆ వేడిని లాగేయగానే చల్లబడి గాజులా గట్టిపడుతుంది. ఆకురాయి పెడితే కోయకుండా జారిపోతుంది. ఆ పొరలోనే వెంట్రుకల్లాంటి పగుళ్ళు మొదలవుతాయి. పవర్ హ్యాక్‌సా ఉన్న లేతు షాపుకు తీసుకువెళ్ళడం అన్నిటికంటే మంచిది, కోత సూటిగా వస్తుంది. లేకపోతే 14 అంగుళాల కటింగు వీలు ఉన్న చాప్‌సా వాడండి. అప్పటికే గ్యాసుతో కోసిన ముక్క దొరికితే ఆ చివర నుంచి కనీసం వేలెడు మందం చల్లగా కోసి పారేయండి.

కాళ్ళు అతికించవలసిన అవసరం వస్తే పట్టాను ముందుగా 300 డిగ్రీల దాకా వేడిచేసి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగు రాడ్డుతో కుట్టి, తరువాత బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంట్లో ఇదంతా సరిగ్గా చేయడం కష్టం. అందుకే నేనైతే అసలు వెల్డింగు లేకుండా బోల్టులతోనో చెక్క బిగింపుతోనో నిలబెట్టమంటాను.

చర్లపల్లి_కత్తులు

గట్టిపరచడం గురించి నా అనుభవం రాస్తాను, సుధీర్ గారికి ఒక పట్టా ముక్క మిగులుతుందన్న ఆశతో. నాలుగేళ్ళ క్రితం నేను అడుగు పొడవు ముక్కను బొగ్గు గుంటలో గంటన్నర పాటు కాల్చి, ఇద్దరు మిత్రుల సాయంతో గొలుసుతో ఎత్తి, 200 లీటర్ల డ్రమ్ములోని నీళ్ళలో దించాను. మొదట నీళ్ళు మరిగిన చప్పుడు, ఆ తరువాత కొద్ది క్షణాలకు డ్రమ్ము లోపల నుంచి టక్కుమని ఒక్క శబ్దం వినిపించింది. బయటికి తీస్తే తల నడుముతో కలిసే మూలలో ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత పడి ఉంది. మరుసటి వారం దాని మీద కొట్టిన మొదటి రోజునే తల సగం ఊడి నా కాలి పక్కన పడింది.

తప్పు ఎక్కడుందో తరువాత అర్థమైంది. పట్టా తల దిమ్మలా మందం, నడుము పలుచన. నీళ్ళలో పలుచని భాగం ముందు చల్లారి బిగుసుకుంటుంది, మందమైన తల ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ రెండింటి లాగులాటను 0.7 శాతం కర్బనమున్న ఉక్కు నీళ్ళ చల్లదనంలో తట్టుకోలేదు. పైగా ఆ పని అవసరమూ లేదు. పట్టా ఉక్కు ఉన్న స్థితిలోనే, ఎర్రగా కాలిన ఇనుము కంటే ఎన్నో రెట్లు గట్టిది. దాగలి ముఖం మీద సొట్ట పడేది కాలిన ఇనుము వల్ల కాదు, గురి తప్పిన సుత్తి వల్ల లేదా చల్లారిన ఇనుమును కొట్టడం వల్ల. ఫ్యాక్టరీ దాగలి అంత గట్టిగా ఇది ఉండదు, నిజమే. చిన్న సొట్టలు పడితే ఏడాదికోసారి గ్రైండరుతో సరిచేసుకుంటాను. ఇప్పుడు నా దగ్గరున్న రెండో ముక్కకు నిప్పు చూపించలేదు, మూడేళ్ళుగా రోజూ కొడుతున్నాను.

పెంబర్తి_మాలతి

కమ్మరి పని కాకుండా రేకు పని చేసేవారి కోసం ఒక మాట చేర్చడానికి అనుమతించండి. మేము ఇత్తడి, రాగి రేకుల మీద నగిషీ పని చేస్తాం. మాకు పట్టా పడుకునే ఉండాలి. పట్టా తల పైభాగం కంటికి చదునుగా కనిపించినా నిజానికి 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో సన్నగా వంగి ఉంటుంది, రెండు అంచుల్లో 13 మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది. ఆ సన్నని వంపు రేకును సమంగా పలచబరచడానికి ఎంత అనుకూలమో చేసి చూస్తేనే తెలుస్తుంది, కాబట్టి దాన్ని అరగదీసి చదును చేయకండి. మేము 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, 400, 600 వరకు రుద్ది, చివరకు ముఖం కనిపించేంత మెరుగు పెట్టాం. దాగలి మీద ఒక గీత ఉంటే ప్రతి రేకు వెనకా అదే గీత అచ్చు పడుతుంది. రేకు పనికి ఉంచుకున్న పట్టా మీద ఉక్కు సుత్తిని నేరుగా ఎవ్వరూ కొట్టకూడదని మా పనిచోట నియమం పెట్టుకున్నాం.

బెజవాడ_పీడబ్ల్యూఐ

మాలతి గారు చెప్పిన కొలతలు సరైనవే. ఆ వంపు లెక్కను కమ్మరి పనికి కూడా ఉపయోగించుకోవచ్చు. పడుకోబెట్టిన పట్టాను ఎవరైనా చదును చేయాలనుకుంటే మధ్యలో ముప్పావు మిల్లీమీటరు అరగదీస్తే చాలు, 40 మిల్లీమీటర్ల వెడల్పు చదును వస్తుంది. అంచుల దాకా పూర్తి చదును కావాలని పట్టుబడితే మూల గుండ్రాలు పోయేదాకా పది మిల్లీమీటర్లకు మించి తీయవలసి వస్తుంది. అది వృథా శ్రమే కాదు, ఏళ్ళ తరబడి చక్రాల కింద నలిగి గట్టిపడిన పైపొరను చేతులారా పోగొట్టుకోవడం.

సుధీర్ గారూ, మీ ముక్కకు బోల్టు రంధ్రాలు ఉన్నాయా? రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు బిగించే రంధ్రాల చుట్టూ నక్షత్రంలా పగుళ్ళు పాకడం మా వృత్తిలో అతి సాధారణమైన లోపం. ముందు దాన్ని పరీక్షించండి. రంధ్రం చుట్టూ శుభ్రంగా తోమి, కిరోసిన్ పూసి పావుగంట ఆగండి. గుడ్డతో పూర్తిగా తుడిచేసి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి సుద్దలో తడి గీతగా కనబడుతుంది.

డల్లాస్_రమణ

ఇక్కడ అమెరికాలో పట్టాలను ఇప్పటికీ గజానికి పౌండ్లలోనే లెక్కిస్తారు. ప్రధాన మార్గాల్లో సాధారణంగా కనిపించే 136 పౌండ్ల రకం మన 60 కిలోల పట్టా కంటే కూడా బరువైనది, మీటరుకు 67 కిలోలకు పైన ఉంటుంది. లైను పక్కన పడి ఉన్న ముక్కలు రైలు కంపెనీ ఆస్తే అన్న నియమం ఇక్కడా ఉంది. నేను పాత ఇనుప సామాను యార్డులో కొన్న ముక్కను మొదట పడుకోబెట్టి ఏడాది పాటు కొట్టి, తరువాత నిలబెట్టాను. ఒక బేరింగు గోలీని 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి చూస్తే పడుకోబెట్టినప్పుడు 14 దాకా, నిలబెట్టినప్పుడు 18 దాకా తిరిగి లేచింది. ఆచారి గారు చెప్పింది నా కొలతలో కూడా నిలిచింది.

హనుమకొండ_సుధీర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పీడబ్ల్యూఐ గారి మాట విని కిరోసిన్, సుద్దపొడి పరీక్ష చేశాను. నా ముక్కకు ఒక చివర దగ్గర ఒక రంధ్రం ఉంది. తుడిచి సుద్ద చల్లిన అయిదు నిమిషాలకు ఆ రంధ్రం అంచు నుంచి తల వైపుకు, ఏటవాలుగా, చిటికెన వేలి గోరు పొడవున ఒక తడి గీత తేలింది. సుద్ద తుడిచి మళ్ళీ చల్లితే మళ్ళీ అదే చోట తేలింది. ఆ గీతను చూస్తుంటే మనసు చివుక్కుమంది గాని, పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకున్నాను.

రంధ్రంతో సహా 10 సెంటీమీటర్లు తెగ్గోయించడానికి లేతు షాపుకు తీసుకువెళ్ళాను. పవర్ హ్యాక్‌సా మీద పని పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. కోసిన ముఖం మీద మళ్ళీ పరీక్ష చేస్తే శుభ్రంగా ఉంది. నడుము మీద 880 అంకె కూడా చదవగలిగాను. ఇప్పుడు నా దగ్గర 35 సెంటీమీటర్లు, సుమారు 18 కిలోలు మాత్రమే మిగిలింది. ఇది దాగలికి చాలుతుందా, లేక మరో ముక్క వెతుక్కోవాలా?

మార్కాపురం_కమ్మరి

చాలుతుంది బాబూ. కిలో బరువు సుత్తితో ఒంటి చేతి పని చేసినంత కాలం 18 కిలోల నిలువు ఉక్కు సరిపోతుంది. ఎదురుగా మరో మనిషిని నిలబెట్టి నాలుగైదు కిలోల సమ్మెట మాత్రం వేయించకు. ఆ దెబ్బకు ఇది నిలవదు, బిగింపు వదులైపోతుంది.

నిలబెట్టే తీరు మీద శ్రద్ధ పెట్టు, పని నాణ్యత సగం అక్కడే ఉంటుంది. కింది కోతను మూలమట్టం పెట్టి చూసి సూటిగా ఉండేలా అరగదీయి. నల్లతుమ్మ మొద్దు తీసుకుని దాని మీద నేరుగా పట్టాను నిలబెడితే పట్టా అంచు చెక్కలోకి దిగబడిపోతుంది. అందుకని ముందు అరంగుళానికి తగ్గని ఇనుప పలక పరిచి దాని మీద నిలబెట్టు. చుట్టూ నాలుగు తుమ్మ చెక్కలు దగ్గరగా బిగించి రెండు ఇనుప పట్టీలతో కట్టు. చెక్కల పని ముక్కను పక్కకు పోకుండా ఆపడమే. బరువు మాత్రం సూటిగా కింది పలక మీదికే దిగాలి. మధ్యలో ఎక్కడైనా వేలాడుతూ ఉంటే దెబ్బ దెబ్బకూ కిందికి జారుతుంది.

ఎత్తు విషయానికి వస్తే, నిలబడి చేయి కిందికి వేలాడదీసి పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు ఎక్కడికి వస్తాయో దాగలి ముఖం అక్కడికి రావాలి. నేల మీద కూర్చుని చేసే అలవాటు ఉంటే మొద్దును పాతుకో. కొలిమి నుంచి దాగలికి ఒక్క అడుగులో చేరగలిగేలా చూసుకో, లేకపోతే దారిలోనే కాక ఆరిపోతుంది.

చర్లపల్లి_కత్తులు

ముఖం అంచుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చేరుస్తున్నాను. కోత ముఖం అంచులు కత్తిలా ఉంటే వాటి మీద పెట్టి వంచిన ఇనుములో మడత పడి, అక్కడే తరువాత విరుగుతుంది. సుత్తి తగిలితే అంచు పెచ్చు లేచి కంట్లోకి ఎగురుతుంది. ఒక అంచును బియ్యపు గింజ మందాన గుండ్రం చేయండి, ఎదుటి అంచును చిటికెన వేలంత గుండ్రం చేయండి. రెండు రకాల అవసరాలకూ రెండు అంచులు ఉంటాయి. గ్రైండరు గార్డు తీయకండి. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ రెండూ వాడండి, ఎందుకంటే పట్టా గుడిగంటలా మోగుతుంది.

పెంబర్తి_మాలతి

ఆ మోతకు పరిష్కారం ఉంది. పాత స్పీకరు నుంచి తీసిన పెద్ద అయస్కాంతాన్ని పట్టా నడుముకు అతికించండి. మా వీధిలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, అయస్కాంతం పెట్టిన తరువాతే పక్కింటి పెద్దావిడ మధ్యాహ్నం నిద్రపోగలుగుతున్నారు.

అనంత_వర్క్‌షాపు

నేను మొదట సందేహించిన విషయాన్ని ఈ వారం స్వయంగా పరీక్షించాను. మా షెడ్డులో ఉన్న 60 కిలోల రకం ముక్కను ఉదయం పడుకోబెట్టి, మధ్యాహ్నం నిలబెట్టి, ఒకే మందం 12 మిల్లీమీటర్ల కడ్డీలను ఒకే సుత్తితో మొన తీశాను. పడుకోబెట్టినప్పుడు మూడుసార్లు కాల్చవలసి వచ్చిన మొన నిలబెట్టినప్పుడు రెండుసార్లకే వచ్చింది. నా అభిప్రాయం మార్చుకున్నాను. పొడవు వస్తువుల వంకర తీయడానికి మాత్రం పడుకోబెట్టిన ముక్కను పక్కనే ఉంచుకుంటున్నాను.

హనుమకొండ_సుధీర్

దాగలి నిలబడింది. తుమ్మ మొద్దును మా మామయ్య గారు వాళ్ళ చేను గట్టున కొట్టేసిన చెట్టు నుంచి ఇచ్చారు. పలక, నాలుగు చెక్కలు, రెండు ఇనుప పట్టీలు ఆచారి గారు చెప్పినట్టే బిగించాను. పాదం రెక్కకు పదును పెట్టే పని ప్రస్తుతానికి వాయిదా వేశాను. చేయి కుదిరిన తరువాత చూస్తాను.

నిన్న ఉదయం లారీ కమాను పట్టీ ముక్కతో కొడవలి మొదలుపెట్టాను. నడుము అంచును గుండ్రంగా చేసిన చోట పట్టీని అడ్డంగా పెట్టి కొడితే ఒక్కో దెబ్బకూ ఇనుము ముందుకు పాకడం కంటికి కనిపించింది. సుత్తి దానంతట అదే పైకి లేస్తోంది, నేను చేయవలసింది గురి చూసుకోవడమే. ఒకసారి ఇనుము నల్లబడేదాకా ఆగకుండా కొట్టాను, ముఖం మీద గోరుతో తడిమితే తెలిసేంత చిన్న సొట్ట పడింది. దాన్ని అలాగే ఉంచాను. నాన్నగారు వచ్చి, కొడవలి ఇంకా పిడి లేకుండా ఉండగానే చేతిలోకి తీసుకుని, వంపు కొంచెం తక్కువైందని, వరి కంకి లోపలికి రావాలంటే మొన ఇంకా తిరగాలని చెప్పారు. రేపు మళ్ళీ కాల్చి వంపు పెంచుతాను.

మార్కాపురం_కమ్మరి

వంపును దాగలి మూల మీద కొట్టవద్దు, మడత పడుతుంది. పెద్ద గుండ్రం ఉన్న అంచు మీద వేలాడదీసి, బయటి వైపు నుంచి తేలికగా కొట్టుకుంటూ జరుపు. అంచు పలచబడిన తరువాత వంచితే అలలు పడతాయి కాబట్టి వంపు ముందు, అంచు తరువాత. పని ముగిశాక పట్టా ముఖానికి ఆముదం చుక్క రాసి గోనెసంచి కప్పు.